పోర్ట్ మీద ఉన్నది నేనే

ముందే ఒకటి ఒప్పుకుంటాను. టెన్త్ దాకా తెలుగు సెకండ్ లాంగ్వేజ్‌గా చదివి, ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్ నాది. ఇప్పుడు సీఎస్‌ఈ సెకండ్ ఇయర్. ఈ వ్యాసంలో ఒత్తులు, దీర్ఘాలు మన ఎడిటర్లు రెండుసార్లు దిద్దారు. ఇంకా ఏమైనా మిగిలితే అవి నా సొంతం. తెలుగు గురించి ఏదైనా రాయమని అడిగారు. నేను హుస్సేన్ సాగర్‌లో పడవల పోటీ గురించి రాస్తున్నాను. టాపిక్ తప్పానని అనుకోకండి.

సెయిలింగ్ చేస్తానంటే క్లాసులో అందరూ అడిగే మొదటి ప్రశ్న, 'హైదరాబాద్‌లోనా? ఎక్కడ?'. రెండోది, 'ఆ నీళ్లలోనా?'. అవును, ఆ నీళ్లలోనే. ట్యాంక్ బండ్ మీద నిలబడి పల్లీలు తింటూ చూస్తే దూరంగా తెల్లగా కనిపిస్తాయే, అవే. దేశంలో లేజర్ పడవల పోటీలకు పేరున్న చోట్లలో మన సాగర్ ఒకటి. ఇండియాలో సెయిలింగ్ ఏంటని నవ్వేవాళ్ల కోసం ఇంకో మాట. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మనకు సెయిలింగ్‌లో మూడు మెడల్స్ వచ్చాయి. నేహా ఠాకూర్‌కు వెండి, విష్ణు శరవణన్‌కు, ఈబాద్ అలీకి కంచు.

నేను ఆ లెవెల్ కాదు. అసలు ఏ లెవెలూ కాదు. ఇంటర్ అయ్యాక సమ్మర్‌లో ఒక క్లబ్‌లో నేర్చుకున్నాను. ఈ ఏడాది జూన్ నుంచి అక్టోబర్ దాకా ఆదివారాల్లో జరిగిన క్లబ్ సిరీస్‌లో మొదటిసారి పూర్తిగా దిగాను. పన్నెండు పడవలు, పది రేసులు. నాది లేజర్ 4.7. ఆ నంబర్ తెరచాప సైజు, చదరపు మీటర్లలో. పడవ సుమారు 4.2 మీటర్ల పొడవు, 59 కిలోల బరువు, అంటే నాకంటే నాలుగు కిలోలు ఎక్కువ. లోపల ఉండేది ఒక్కరే. మోటార్ ఉండదు, తెడ్డు ఉండదు. ఒక చేతిలో చుక్కాని కర్ర, ఇంకో చేతిలో తెరచాప తాడు, అంతే.

ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. తెరచాప పడవ గాలికి ఎదురుగా సూటిగా వెళ్లలేదు. దాదాపు 45 డిగ్రీల కోణంలో పక్కకి వెళ్లి, మళ్లీ తిరిగి అటు పక్కకి వెళ్లి, ఇలా వంకరటింకరగా ఎక్కాలి. వానాకాలంలో సాగర్ మీద గాలి పడమటి నుంచి వస్తుంది. కాబట్టి ట్యాంక్ బండ్ వైపు మొదలుపెట్టి పడమటికి వంకరగా ఎక్కడం, అక్కడ ఒక ఆరెంజ్ బోయా చుట్టి గాలితో పాటు కిందికి రావడం. ఇదే రేసు, రెండు రౌండ్లు. తెలుగులో 'గాలివాటం మనిషి' అంటే తిట్టు కదా, ఎటు గాలి వీస్తే అటు పోయేవాడని. ఆ మాట పుట్టించినాయన లేజర్ ఎక్కి ఉండడని నా గట్టి నమ్మకం. గాలివాటుగా వచ్చేటప్పుడే పడవ ఊగిఊగి మనల్ని నీళ్లలోకి విసిరేస్తుంది. మొదటి రేసులో నేను మూడుసార్లు పడింది అలాగే. మూడోసారి పైకెక్కే ఓపిక లేక రెస్క్యూ బోటులో ఒడ్డుకొచ్చాను. స్కోరు షీట్‌లో నా పేరు పక్కన డీఎన్‌ఎఫ్, 13 పాయింట్లు. మా అమ్మ ఇంట్లోకి రానివ్వకుండా గుమ్మం దగ్గరే బకెట్ నీళ్లు పోసింది. కూకట్‌పల్లి నాలా ఎక్కడ కలుస్తుందో ఆవిడకు బాగా తెలుసు.

సెయిలింగ్‌లో పాయింట్లు తక్కువైతే మంచిది. ఫస్ట్ వస్తే ఒకటి, సెకండ్ వస్తే రెండు. రేసు పూర్తి చేయకపోతే మొత్తం పడవల సంఖ్యకు ఒకటి కలిపి ఇస్తారు. మా సిరీస్‌లో చెత్త స్కోర్లు రెండు తీసేస్తారు. ఇవి గుర్తుపెట్టుకోండి, లెక్క ఉంది.

ఇంకో రూల్, అన్నిటికంటే ముఖ్యమైనది. రెండు పడవలు ఎదురుపడితే ఎవరు దారివ్వాలి? కుడివైపు నుంచి గాలి తగులుతున్న పడవ స్టార్‌బోర్డ్ మీద ఉన్నట్టు, ఎడమవైపు నుంచి తగులుతుంటే పోర్ట్ మీద ఉన్నట్టు. పోర్ట్ వాళ్లే తప్పుకోవాలి. స్టార్‌బోర్డ్ వాళ్లు గట్టిగా 'స్టార్‌బోర్డ్!' అని అరుస్తారు. పోర్ట్ వాడు తప్పుకోకపోతే? వెంటనే పక్కకి జరిగి, పడవను రెండు పూర్తి చుట్లు తిప్పి శిక్ష వేసుకోవాలి. ఎవరు వేస్తారు ఆ శిక్ష? ఎవరూ వెయ్యరు. మా రేసుల్లో విజిల్ ఊదే రెఫరీ లేడు. తప్పు చేసినవాడే తిరగాలి. వాడు తిరగకపోతే నష్టపోయినవాడు అక్కడే 'ప్రొటెస్ట్!' అని అరిచి, ఒడ్డుకు వచ్చాక ఫారం నింపి ఇస్తే హియరింగ్ ఉంటుంది. సెంట్రల్ సర్వర్ లేని డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్ లాంటిది. ఇది మొదట విన్నప్పుడు నాకు తెగ నచ్చింది. ముగ్గురు ఇన్విజిలేటర్లు, రెండు సీసీ కెమెరాలు పెట్టినా స్లిప్పులు ఆగని ఎగ్జామ్ హాల్ నుంచి వచ్చినవాణ్ణి కదా.

ఐదో రేసు, జూలై చివరి ఆదివారం. గాలి బాగుంది, పొద్దుటి నుంచి ముసురు. నా స్టార్ట్ మొదటిసారి బాగా కుదిరింది. మొదటి నలుగురిలో ఉన్నాను. నేను పోర్ట్ మీద ఎక్కుతుంటే కుడివైపు నుంచి ఒక పడవ స్టార్‌బోర్డ్ మీద వస్తోంది. అందులో ఒక పదిహేనేళ్ల పిల్లాడు. పేరు రాయను. గవర్నమెంట్ స్కూల్ పిల్లలకు ఫ్రీగా నేర్పే బ్యాచ్‌లో పదేళ్లప్పుడు చేరాడు. నాకంటే చాలా బాగా నడుపుతాడు. వాడి ముందు నుంచి దాటేయొచ్చని నేను లెక్క వేశాను. వాడు 'స్టార్‌బోర్డ్!' అని అరిచాడు. ఇంకా దగ్గరికి వచ్చాక మళ్లీ అరిచాడు. నేను విన్నాను. రెండుసార్లూ విన్నాను. ఇప్పుడు తిరిగితే స్పీడ్ పోతుంది, ఇంకో రెండు సెకండ్లలో దాటేస్తాను అనుకున్నాను. దాటలేదు. నా పడవ వెనక భాగాన్ని గుద్దకుండా ఉండటానికి వాడు చుక్కాని గట్టిగా లాగాడు. అదే టైంలో గాలి ఒక్కసారి పెరిగింది. వాడి పడవ పూర్తిగా ఒరిగి, నీళ్లు నిండి, ఎలాగో పడిపోకుండా ఆగింది. అప్పటికి నలుగురైదుగురు వాడిని దాటిపోయారు.

గుద్దుకోలేదు కాబట్టి తప్పు కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. రూల్ అలా లేదని నాకు తెలుసు. దారి హక్కు ఉన్నవాడు తప్పుకోవాల్సి వచ్చిందంటే చాలు, తప్పు నాది. రెండు చుట్లు తిరగడానికి నా చేతకానితనం కలుపుకుని అరనిమిషం పట్టేది. రెండు స్థానాలు పోయేవి. రేస్ కమిటీ బోటు అటు చివర స్టార్ట్ లైన్ దగ్గర ఉంది. చుట్టుపక్కల చూసినవాళ్లు ఎవరూ లేరు. 1992 నుంచి అక్కడే నిలబడి ఉన్న బుద్ధుడు తప్ప.

నేను తిరగలేదు. థర్డ్ వచ్చాను. నా జీవితంలో బెస్ట్ ఫినిష్. వాడు ఎనిమిదో స్థానం.

ఒడ్డుకు వచ్చాక పడవలు కడుగుతుంటే వాడు నా పక్కనే ఉన్నాడు. ఏమంటాడో అని ఎదురుచూశాను. నా పడవ ట్రాలీని ఒక చెయ్యి పట్టి పైకి లాగాడు, రోజూ లాగే. చివరికి నేనే అడిగాను, ప్రొటెస్ట్ ఎందుకు వెయ్యలేదని. ఇది పశ్చాత్తాపంతో అడిగింది కాదు. వేస్తాడేమో కనుక్కుందామని అడిగింది.

'పోనీ తియ్ అన్నా. ఆ ఫారంల ఇంగ్లీషుల రాయాలె. మల్ల లోపల సార్లు అడుగుతరు, నువ్వు మంచిగ చెప్తవ్, నాకు చెప్పరాదు. ఎట్లైనా నువ్వే గెలుస్తవ్ గదా.'

వాడు కోపంగా చెప్పలేదు. వాన పడుతోంది అన్నట్టు చెప్పాడు.

నేను ఇక్కడ మీతో వాదించాలనుకుంటున్నది ఈ వాక్యం గురించే. అద్భుతమైన రూల్ అని మురిసిపోయానే, ఎవరి తప్పుకు వాళ్లే శిక్ష వేసుకోవడం, దానికి వెనక ఒక ఆధారం ఉంటేనే అది నిలబడుతుంది. నేను తిరగకపోతే అవతలివాడు నన్ను నిలదీయగలగాలి. నిలదీయలేడని నాకు తెలిస్తే నా నిజాయితీ మొత్తం నా మూడ్ మీద ఆధారపడి ఉంటుంది. ఆ రోజు నా మూడ్ ఏంటో పైన చెప్పాను. నేను సిగ్గుతో చెప్పేది ఇంకోటి ఉంది. రిటైర్డ్ ఆర్మీ ఆఫీసర్ కొడుకో, నాలాంటి ఇంజినీరింగ్ స్టూడెంటో స్టార్‌బోర్డ్ మీద వచ్చి ఉంటే నేను తప్పుకునేవాణ్ణి. వాళ్లు ఫారం నింపుతారు కాబట్టి. ఆ రెండు సెకండ్లలో నేను వేసిన లెక్కలో గాలి, దూరం మాత్రమే లేవు.

సెయిలింగ్ రూల్స్ పుస్తకం నాలుగేళ్లకోసారి కొత్తగా వస్తుంది. ఇప్పుడున్నది 2025 నుంచి 2028 దాకా. ప్రపంచమంతా అదే పుస్తకం, ఇంగ్లీషులో. కానీ నీళ్ల మీద అరవాల్సిన మాటలు ఇంగ్లీషులోనే ఉండాలన్న పట్టుదల ఆ పుస్తకానికే లేదు. అవతలి పడవల వాళ్లకు అర్థమవుతుంది అనుకోవడానికి వీలుంటే వేరే భాషలో అరవొచ్చని 2021 నాటి పుస్తకంలోనే ముందుమాటలో రాశారు. ఇంగ్లీషు ఎప్పుడూ చెల్లుతుంది, అంతే తేడా. మరి మా దగ్గర ఫారం, నోటీస్ బోర్డు, హియరింగ్ అన్నీ ఇంగ్లీషులో ఎందుకు జరుగుతున్నాయి? ఎవరో కూర్చుని తెలుగు వద్దని తీర్మానం చేయలేదు. రూల్స్ తెలిసిన పెద్దవాళ్లలో సగం మంది ఇతర రాష్ట్రాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు. ఎవరూ అడగలేదు, అలా నడుస్తోంది.

నేను ఆ తర్వాత చేసిన మొదటి పని తప్పు పని. తెలుగు క్లబ్ మెంబర్ని కదా, పదకోశం తయారు చేశాను! స్టార్‌బోర్డ్‌కు 'కుడిగాలి', పోర్ట్‌కు 'ఎడమగాలి', ట్యాక్‌కు 'మళ్లింపు', ఇలా నలభై మాటలు. చాలా గర్వంగా వాడికి చూపించాను. వాడు చదివి చదివి, 'అన్నా, కుడిగాలి అని అరిస్తే ఎవడైనా తప్పుకుంటడా? ఏందని ఆగి చూస్తడు, గుద్దుకుంటం' అన్నాడు. పక్కనున్న ఇంకో పిల్ల పడీపడీ నవ్వింది. వాళ్లకు స్టార్‌బోర్డ్, జైబ్, మెయిన్‌షీట్ ఇంగ్లీషు మాటలు కావు. పదేళ్ల వయసు నుంచి రోజూ నోట్లో ఉన్న మాటలు, బస్సు, టికెట్ లాగ. నాకు కష్టంగా ఉన్న తెలుగు మాటను వాళ్లకు సాయం అని తీసుకెళ్లాను.

వాళ్లకు లేనిది మాటలు కాదు. 'నేను ఇక్కడ ఉన్నాను, అతను అటు నుంచి వచ్చాడు, రెండుసార్లు అరిచాను, తప్పుకోలేదు, నాకు ఐదు స్థానాలు పోయాయి' అనే నాలుగు వాక్యాలను కుర్చీల్లో కూర్చున్న ముగ్గురు పెద్దవాళ్ల ముందు, తనకంటే నాలుగేళ్లు పెద్దవాడి ముఖం మీద, తడబడకుండా చెప్పే వీలు. ఆ వాక్యాలు వాడు తెలుగులో నాకంటే బాగా చెప్తాడు. చెప్పాడు కూడా, ఒక మధ్యాహ్నం ఇరానీ చాయ్ తాగుతూ, రెండు బిస్కెట్లను పడవలు చేసి టేబుల్ మీద మొత్తం చూపించాడు. ఎవరు ఎంత దూరంలో ఉన్నారో, గాలి ఎప్పుడు మారిందో అన్నీ కరెక్ట్. నా బిస్కెట్‌ను కొంచెం ముందు పెట్టాడు, నాకు మర్యాదగా.

మన లిటరరీ క్లబ్‌లో ప్రతి మీటింగ్‌లో ఎవరో ఒకరు కంప్యూటర్‌కు తెలుగు ఏంటి, సాఫ్ట్‌వేర్‌కు తెలుగు ఏంటి అని మొదలుపెడతారు. నేనూ మొదలుపెట్టాను చాలాసార్లు. దాని మీద నాకు ఆసక్తి పోయింది. మొన్న ఒక జూనియర్ తన హాస్టల్ రూంలో కారుతున్న పైకప్పు గురించి కంప్లైంట్ లెటర్ నాతో రాయించుకున్నాడు. 'సీలింగ్', 'లీకేజ్', 'వార్డెన్', అన్ని మాటలూ వాడికి వచ్చు. వాటిని కలిపి 'నాకు ఇబ్బందిగా ఉంది, బాగు చేయండి' అని ఇంగ్లీషులో రాయడానికి భయం. తెలుగులో రాసివ్వు అంటే, 'అలా ఇస్తే సీరియస్‌గా తీసుకోరు భయ్యా' అన్నాడు. తీసుకుంటారో లేదో నాకూ తెలియదు, కానీ వాడు మూడు వారాలు బకెట్ పెట్టుకుని పడుకున్నాడు. తెలుగు భాష గురించి బాధపడాలంటే నేను ఈ బకెట్ గురించి బాధపడతాను. సాఫ్ట్‌వేర్‌ను సాఫ్ట్‌వేర్ అనే అందాం.

క్లబ్‌లో ఒక సీనియర్‌తో ఈ మాట అంటే ఆయన చెప్పింది కూడా రాయాలి, ఎందుకంటే అది కొట్టిపారేసే మాట కాదు. 'వీళ్లు రేపు ముంబై వెళ్తారు, చెన్నై వెళ్తారు, బయటి దేశాలకు వెళ్తారు. అక్కడ హియరింగ్ తెలుగులో పెట్టరు. ఇక్కడే అలవాటు కాకపోతే అక్కడ నష్టపోతారు' అన్నారు. నిజమే. ఈ పిల్లల్లో కొందరు నేషనల్స్‌కు వెళ్లొచ్చారు కూడా. కానీ ఒక మనిషి హియరింగ్‌కే వెళ్లకుండా హియరింగ్‌లో మాట్లాడటం ఎలా నేర్చుకుంటాడు? ముందు తెలుగులో నాలుగుసార్లు వాదించి, ఒకసారి గెలిచి, ఒకసారి ఓడి, అది భయపడాల్సిన గది కాదని తెలిశాక అదే వాదన ఇంగ్లీషులో నేర్చుకోవడం సులభం. నేను ఇంగ్లీషు మీడియంలో చదివాను కదా, ఇప్పటికీ మా నాన్నతో డబ్బుల విషయం వాదించాలంటే తెలుగులోనే వాదిస్తాను. గెలవాల్సిన చోట మనకు బాగా వచ్చిన భాష కావాలి.

ఇక లెక్క. ఆగస్టు చివర్లో, అంటే నాలుగు వారాలు లేటుగా, రేస్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లి ఐదో రేసులో నేను రిటైర్ అవుతున్నానని చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి, 'ఇప్పుడెందుకు?' అన్నారు. చెప్పాను. ఏమీ అనకుండా పెన్నుతో 3 కొట్టేసి 13 రాశారు. అప్పుడు ఊరికే ఒప్పుకున్నాను కానీ సిరీస్ అయ్యాక ఎక్సెల్‌లో వేసి చూసుకున్నాను. మొదటి రేసు డీఎన్‌ఎఫ్, ఎనిమిదో రేసులో సిగ్నల్ కంటే ముందే లైన్ దాటి ఇంకో 13. ఆ రెండూ తీసేయొచ్చు. మిగతావి 9, 8, 7, 3, 6, 5, 5, 6. మొత్తం 49, నాలుగో స్థానం. 3 పోయి 13 వస్తే 59, ఆరో స్థానం. ప్రైజులు మొదటి ముగ్గురికే. కాబట్టి నేను పోగొట్టుకున్నది కప్పు కాదు. నోటీస్ బోర్డు మీద రెండు లైన్లు కిందికి దిగాను, అంతే. అందుకే దీన్ని గొప్ప త్యాగంగా రాయడం లేదు. రెండో స్థానంలో ఉండి ఉంటే వెళ్లేవాణ్ణా? నాకు నమ్మకం లేదు.

వాడికి ఏం దక్కింది? నేను రిటైర్ అయితే నా వెనక ఉన్నవాళ్లందరూ ఒక స్థానం ముందుకు జరుగుతారు. ఎనిమిది ఏడు అయింది. ఒక్క పాయింట్. ఆ రోజు నేను తప్పుకుని ఉంటే వాడు మూడో నాలుగో వచ్చేవాడు. స్కోరు షీట్‌కు అది తెలియదు. ఏ రూల్ ప్రకారం చూసినా, బాధితుడు అడిగి ఉంటే దొరికేది వేరు, నేను ఆలస్యంగా మంచివాణ్ణి అయితే దొరికేది వేరు.

అందుకని సెప్టెంబర్‌లో, నిమజ్జనం వల్ల రేసు లేని ఆదివారం, ఆ పిల్లాడు, నేను, నవ్విన ఆ పిల్ల కలిసి ఒక పేజీ ఫారం చేశాం. ఈసారి పదకోశం లేదు. 'మీరు ఏ ట్యాక్ మీద ఉన్నారు? అవతలి పడవ నంబర్ ఎంత? ఏం జరిగింది, మీ మాటల్లో. ఎవరైనా చూశారా? బొమ్మ వెయ్యండి.' వాక్యాలు వాడు చెప్తుంటే నేను టైప్ చేశాను. 'సంఘటన' అని నేను రాసిన చోట వాడు 'ఏం జరిగింది' అని మార్పించాడు. రేస్ ఆఫీసర్ మొదట సంకోచించి, హియరింగ్ ప్యానెల్‌లో తెలుగు వచ్చినవాళ్లు ఒక్కరైనా ఉండేలా చూస్తానన్నారు. ఇరవై కాపీలు జిరాక్స్ తీయించి పడవల షెడ్‌లో లైఫ్ జాకెట్ల పక్కన అట్ట డబ్బాలో పెట్టాం. తడవకుండా పైన ఒక పాలిథిన్ కవర్.

సిరీస్ అయిపోయేలోపు ఎవరూ ఆ డబ్బా ముట్టుకోలేదు. నేను కొంచెం డీలా పడ్డాను కూడా. నవంబర్‌లో సరదాగా పెట్టిన ఒక రేసులో ఆ పిల్ల నీళ్ల మీద 'ప్రొటెస్ట్!' అని అరిచింది, ఒడ్డుకు వచ్చి ఫారం నింపింది, బోయా దగ్గర లోపలి పడవకు జాగా ఇవ్వలేదని. అవతలి పడవ నంబర్ అనే చోట నా నంబర్ ఉంది. హియరింగ్ పావుగంట సాగింది, అంతా తెలుగులో, మధ్యమధ్య హిందీలో. నేను మంచి ఇంగ్లీషు మాటలు కొన్ని వాడి చూశాను, ప్యానెల్‌లో ఒకాయన 'తెలుగులో చెప్పు బాబూ, ఆ అమ్మాయికి కూడా తెలియాలి కదా' అన్నారు. తెలుగులో చెప్పేసరికి నా వాదనలో సగం ఎగిరిపోయింది. నన్ను డిస్‌క్వాలిఫై చేశారు.

జాగా ఇచ్చాననే నేను ఇప్పటికీ అంటున్నాను.